కట్టడానికి వీల్లేని కుళాయి: రోమ్‌లో ఏడు రోజులు

రోమ్‌లో దిగిన మర్నాడు పొద్దున ఆరున్నరకి, మేమున్న వీధి మలుపులో ఒక కుళాయి ధారగా పోతుంటే చూసి, కట్టేద్దామని వెళ్ళాను. కట్టడానికి అక్కడేమీ లేదు. తిప్పే మర లేదు, నొక్కే బొత్తాం లేదు. ఛాతీ ఎత్తున పోత ఇనప స్తంభం ఒకటి, దాని ముందువైపు నుంచి కిందికి వంగిన గొట్టం, అందులోంచి బొటనవేలంత లావు ధార, ధార కింద ఇనప జాలీ. స్తంభం చుట్టూ రెండుసార్లు తిరిగాను. వాల్వు ఛాంబరు మూత ఏమన్నా ఉందేమోనని పేవ్‌మెంటు మీద వెతికాను. కుక్కని తిప్పడానికి తెచ్చిన పెద్దాయన ఒకాయన అవతల నిలబడి ఇదంతా చూస్తున్నాడు.

నా సంగతి చెప్పాలి. మున్సిపాలిటీ నీటి సరఫరా విభాగంలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. లీకేజీ కనపడితే కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది, మా అమ్మాయి ఇంకా పెద్ద ఇంగ్లీషు పేరేదో పెట్టింది. ఈ ప్రయాణం కూడా అమ్మాయి పుణ్యమే. టికెట్లు, బస, మ్యూజియం బుకింగులు అన్నీ తనే చూసి, "నాన్నా, మీరు వెళ్ళి చూసి రావడమే" అని పంపింది. 2025 అక్టోబరు. ఆ ఏడాది వాటికన్ వాళ్ళ జూబిలీ సంవత్సరం కాబట్టి ఊరు యాత్రికులతో కిటకిటలాడుతోందని వెళ్ళాక గాని మాకు తెలియలేదు.

పెద్దాయన దగ్గరికొచ్చాడు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకి రాదు. మాట్లాడకుండా చూపుడువేలు పెట్టి గొట్టం మూతి మూశాడు. గొట్టం వంపు పైభాగాన చిన్న బెజ్జం ఉంది, నేను గమనించలేదు. కింద మూసేసరికి నీళ్ళు ఆ బెజ్జంలోంచి విల్లులా పైకి లేచాయి. ఆయన కొంచెం ముందుకి వంగి, గుక్కెడు తాగి, మీసాలు తుడుచుకుని, నన్ను కూడా తాగమని సైగ చేశాడు. తాగాను. ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉన్నాయి. కుక్క జాలీ దగ్గర తన వాటా తను తాగింది.

వీటిని రోమ్ జనం నాసోని అంటారు, ఒక్కదాన్నయితే నాసోనే. పెద్దముక్కు అని అర్థం. 1874 నుంచి పెడుతూ వచ్చారు, ఇప్పుడు ఊళ్ళో దాదాపు 2,500 ఉన్నాయి. స్తంభం మీద ఎస్.పి.క్యూ.ఆర్. అని నాలుగు అక్షరాలు పోతపోసి ఉంటాయి. రోమన్ సెనేట్, ప్రజలు అనే పాత రోమన్ల ముద్ర అది. మ్యాన్‌హోల్ మూతల మీద కూడా అదే ముద్ర. రెండు వేల ఏళ్ళ నాటి రాజముద్రని మ్యాన్‌హోల్ మూత మీద వాడుకునే ఊరంటే నాకు వెంటనే గౌరవం కలిగింది.

మొదటిరోజు నాకు కడుపు తరుక్కుపోయింది. 2,500 కుళాయిలు, రాత్రింబవళ్ళు, కట్టకుండా! తర్వాత్తర్వాత మనసు కుదుటపడింది. ఊరికొచ్చే నీళ్ళలో సింహభాగం పెస్కియేరా అనే కొండ ఊటల నుంచి వస్తుంది. ఊట ఎలాగూ ఆగదు. చిన్న పైపుల్లో నీళ్ళు నిలవ ఉండకుండా పారుతూ ఉండడం వల్ల నాణ్యత బాగుంటుందన్నది వాళ్ళ లెక్క. మా భాషలో డెడ్ ఎండ్ అంటాం, పైపు చివర నీళ్ళు కదలకుండా కూర్చుని చెడిపోయే చోటుని. ఆ తలనొప్పి ఎలాంటిదో నాకు తెలుసు. అయినా అక్కడ కూడా అందరూ ఒప్పుకున్నది కాదిది. 2017లో కరువొచ్చినప్పుడు కొన్నిటిని మూసేశారు, మూసినందుకు జనం గొడవపెట్టారు.

ఇంత చెప్పాక బసలో సంగతి కూడా చెప్పాలి. రె ది రోమా మెట్రో స్టేషను దగ్గర నాలుగో అంతస్తులో చిన్న ఫ్లాటు. లిఫ్టులో ఇద్దరు మనుషులు ఎక్కితే సూట్‌కేసు మెట్లు ఎక్కాలి. ఫ్లాటు శుభ్రంగా ఉంది, కాని బాత్రూమ్ కుళాయి కారుతోంది. సెకనుకో చుక్క. వీధిలో అంత ధార పోతుంటే సమర్థించుకున్నవాణ్ణి, ఈ చుక్కకి రాత్రి రెండింటి దాకా నిద్రపోలేదు. వాషరు పోయింది, అంతే. నా దగ్గర స్పానరు లేదు. చివరికి లేచి బేసిన్ కింద ఉన్న యాంగిల్ కాక్ కట్టేసి పడుకున్నాను. ఇక రోజూ రాత్రి కట్టడం, పొద్దున విప్పడం నా డ్యూటీ అయింది.

మర్నాడు వారం రోజుల పాసులు కొన్నాం, మనిషికి 24 యూరోలు, బస్సు, మెట్రో, ట్రామ్ అన్నిటికీ. విడిగా అయితే 100 నిమిషాల టికెట్ యూరోన్నర. మొదట పాత రోమన్ల గుడి పాంథియాన్‌కి వెళ్ళాం.

పాంథియాన్ గురించి చదివి వెళ్ళాను. లోపల అడుగుపెట్టగానే చదివిందంతా మర్చిపోయాను. గుమ్మటం వ్యాసం 43.3 మీటర్లు. లోపల ఒక్క ఇనప కడ్డీ లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఇప్పటికీ ప్రపంచంలో అదే పెద్దది. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 126 ప్రాంతంలో పూర్తయింది. కింద బరువు రాళ్ళు, పైకి పోయేకొద్దీ తేలిక రాళ్ళు, చివరికి నీళ్ళలో తేలే ప్యూమిస్ రాయి కలిపి పోత పోశారు. నడినెత్తిన ఎనిమిది మీటర్లకి పైచిలుకు గుండ్రటి కంత. దానికి మూత లేదు.

మా అదృష్టం, మేము లోపలుండగా వాన పట్టుకుంది. ఆ కంతలోంచి వేడిగాలి పైకి లేస్తుంది కాబట్టి వాన లోపల పడదని ఒక కథ ప్రచారంలో ఉంది. నమ్మకండి. నిక్షేపంలా పడింది. నేలమీద తాడు కట్టి జనాన్ని వెనక్కి జరిపారు. ఇంత ఎత్తు నుంచి పడే వాన గుడిలో చప్పుడు చెయ్యదు, దుమ్ములాగా వచ్చి దిగుతుంది. అందరూ పైకి ఫోన్లు ఎత్తి ఫొటోలు తీస్తుంటే నేను నేల చూస్తున్నాను. గచ్చు మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. నీళ్ళు అంచుల వైపు జారి, పాలరాతి పలకల్లో వేసిన సన్నటి రంధ్రాల్లోకి పోతున్నాయి. 22 రంధ్రాలు. నాలుగైదు లెక్కపెట్టేసరికి మా ఆవిడ చొక్కా పట్టుకుని లాగింది. "ఏవండీ, అందరూ పైకి చూస్తుంటే మీరేంటి పడిపోయిన చిల్లర వెతుక్కుంటున్నట్టు?"

బయట గుమ్మం పైన పెద్ద అక్షరాలతో అగ్రిప్పా పేరు ఉంది. ఇప్పుడున్న కట్టడం హాడ్రియన్‌దే అయినా, అంతకుముందు అదే చోట కట్టించినవాడు మార్కస్ అగ్రిప్పా కాబట్టి ఆ పేరే ఉంచాడు. ఈ అగ్రిప్పాని గుర్తుపెట్టుకోండి. అగస్టస్ చక్రవర్తికి కుడిభుజం, యుద్ధవీరుడు అని చరిత్రలో రాస్తారు. నా లెక్కలో మా డిపార్ట్‌మెంట్ మనిషి. ఆ వారమంతా ఎక్కడికెళ్ళినా ఎదురయ్యాడు.

వెనకవీధిలోనే సాంతా మరియా సోప్రా మినెర్వా చర్చి. ముందు బెర్నీని అనే శిల్పి రూపొందించిన చిన్న ఏనుగు, వీపు మీద ఈజిప్టు స్తంభం. జనమంతా ఏనుగు దగ్గర. చర్చి గోడ కుడిపక్కన చూస్తే చిన్నచిన్న రాతిపలకలు, ఒక్కోదాని మీద సంవత్సరం, నీళ్ళు ఎంతవరకూ వచ్చాయో గుర్తు. టైబర్ నది వరదలవి. 1598 గుర్తు చెయ్యెత్తినా అందదు. 1870లో మళ్ళీ పెద్ద వరదొచ్చాకనే నదికి రెండువైపులా ఇప్పుడు కనపడే ఎత్తు గోడలు కట్టారు. అందుకే రోమ్‌లో నది పక్కన నడుస్తున్నా నది కనపడదు, గోడ మీంచి తొంగి చూడాలి.

పియాత్సా నవోనా అనే చౌక్‌కి వచ్చేసరికి వాన వెలిసింది. మధ్యలో బెర్నీని నాలుగు నదుల ఫౌంటెను, 1651 నాటిది. నాలుగు ఖండాలకి నాలుగు నదులు: డాన్యూబ్, నైలు, దక్షిణ అమెరికా ప్లాతా నది, ఆసియాకి మన గంగ. గంగ ఉందని నేను ముందే చెప్పడంతో మా ఆవిడ ఫౌంటెను చుట్టూ తిరుగుతూ అమ్మవారి కోసం వెతికింది. ఉన్నది నలుగురూ మగవాళ్ళే. ఆఖరికి పొడుగాటి తెడ్డు పట్టుకుని, గడ్డంతో, కండలు తిరిగి కూర్చున్న ఒక ముసలాయన్ని చూపించి, ఈయనే అన్నాను.

"గంగమ్మకి గడ్డమేంటండీ!"

వాళ్ళకి నదులంటే మగదేవుళ్ళని చెప్పాను. టైబర్ కూడా గడ్డపాయనే. తెడ్డు ఎందుకంటే ఆ నదిలో పడవలు తిరుగుతాయని గుర్తు. నైలుకి ముఖం మీద గుడ్డ కప్పారు, అది ఎక్కడ పుడుతుందో అప్పటికి వాళ్ళకి తెలియదు కాబట్టి. ఆవిడ వినడం లేదు. గడ్డపు గంగ వైపు చూస్తూ అలవాటుకొద్దీ చెంపలు వేసుకోబోయి, సగంలో ఆగి, నవ్వు ఆపుకోలేక బెంచీ మీద కూర్చుండిపోయింది. వారంలో ఇంత నవ్వింది అదొక్కసారే. తర్వాత ఫోన్లో అమ్మాయికీ, చెల్లెళ్ళకీ చెప్పిన మొదటి విశేషం కొలోసియం కాదు, వాటికన్ కాదు, ఇదే.

ఆ దగ్గర సందులోనే ఒక హోటల్లో భోంచేశాం, పేరెందుకు లెండి. కాచో ఎ పేపే అని ఊళ్ళో ప్రసిద్ధమైన పాస్తా. పెకొరీనో చీజు, మిరియాలు, పాస్తా ఉడికిన నీళ్ళు, ఇంతే. బాగుంది. గొడవల్లా నీళ్ళతోనే. "నాచురాలే? ఫ్రిజాంతే?" అని అడిగాడు. ఏదో ఒకటిలే అని మా ఆవిడ రెండోది అంది. సోడా వచ్చింది. మళ్ళీ మామూలు నీళ్ళు తెప్పించాం. బిల్లులో సీసాకి 3 యూరోల చొప్పున రెండు, కూర్చున్నందుకు మనిషికి 2. బయటికొస్తే ఇరవై అడుగుల దూరంలో నాసోనే, ధారాళంగా, ఊరికే. ఈ వయసులో 6 యూరోలు పెట్టి నీళ్ళు కొన్నానంటే మా పాత వాల్వ్‌మన్లు నమ్మరు. ఆ సాయంత్రమే ఆ ఖాళీ సీసా నాసోనే దగ్గర నింపి, ఇక వారమంతా అదే సీసా మోశాను. కాఫీ సంగతి మాత్రం వాళ్ళ పద్ధతి నచ్చింది. కౌంటరు దగ్గర నిలబడి రెండు గుక్కల్లో తాగేస్తే యూరో ఇరవై, ముప్పై సెంట్లు. కూర్చుంటే రేటు వేరే.

కొలోసియం దగ్గర టెన్షన్ పడ్డాం. టికెట్లు పేర్ల మీద ఇస్తారు, గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. పాస్‌పోర్టులో నా పేరు ఇంటిపేరుతో సహా చాంతాడంత ఉంటుంది. అమ్మాయి టికెట్లో పొట్టి పేరు కొట్టింది. మా ఆవిడది ఇంకా దారుణం, పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, టికెట్లో నా ఇంటిపేరు. గేటు దగ్గర ఉద్యోగిని పాస్‌పోర్టు చూసింది, టికెట్ చూసింది, మళ్ళీ పాస్‌పోర్టు చూసింది. వెనక క్యూ గొణుగుతోంది. నేను పెళ్ళి, ఇంటిపేరు అంటూ చేతులతో ఏదో అభినయించాను. అర్థమైందో, విసుగొచ్చిందో, లోపలికి వదిలేసింది. వెళ్ళేవాళ్ళు పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా కొట్టండి.

లోపల సంగతులు అందరూ రాసేవే. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి ప్రారంభించాడు, 50 వేల మంది పట్టేవారంటారు. బయటి తోరణాల మీద చెక్కిన రోమన్ అంకెలు ఇంకా కనపడతాయి, ప్రేక్షకుల గేటు నంబర్లు అవి. జనం సాఫీగా లోపలికొచ్చి బయటికి పోవడానికి అప్పుడే గేటు నంబరు పద్ధతి! ఈ స్థలం అంతకుముందు నీరో చక్రవర్తి తన మేడ కోసం తవ్వించుకున్న చెరువట. చెరువుని ఎండగట్టి దాని గుంటలో ఇంత బరువు నిలబెట్టారు. పునాది వేసినవాడికి నా దండం.

ఎదురుగా పాత రోమ్ నడిబొడ్డు, ఫోరం శిథిలాలు. ఎండలో రెండు గంటలు తిరిగేసరికి ఆవిడ మోకాళ్ళు మొండికేశాయి. నాకు ఇంకో కోరిక మిగిలింది. ఫోరం కింద నుంచి పోయే పాత మురుగు కాలువ, క్లొవాకా మాక్సిమా, నదిలో కలిసే మూతి చూడాలి. పోంతే పలతీనో వంతెన మీద నిలబడితే ఒడ్డు గోడలో రాతి తోరణంలా కనపడుతుంది. దానికోసం వంతెన మధ్యలో ఆవిడని నిలబెట్టి, పరిహారంగా పిస్తా జెలాటో కొనిచ్చాను. క్రీ.పూ. 33లో మన అగ్రిప్పా ఊరి మురుగు కాలువలన్నీ బాగుచేయించి, తనే పడవెక్కి భూగర్భం లోంచి నదిలోకి వచ్చాడని పాత చరిత్రకారుడు రాశాడు. అధికారి సైటు ఇన్‌స్పెక్షన్ అంటే అది. "మీరు కూడా దిగుతారేమో అని భయపడ్డాను" అంది మా ఆవిడ, జెలాటో పూర్తిచేసి.

మూడోరోజు ట్రెవీ ఫౌంటెను. పొద్దున ఏడింటికే వెళ్ళాం కాబట్టి సరిపోయింది. పొద్దెక్కాక అయితే గట్టు దగ్గరికి అప్పట్లో ఒకేసారి 400 మందిని మించి వదిలేవారు కాదు, క్యూ కట్టాల్సి వచ్చేది. నికోలా సాల్వీ అనే ఆయన 1732లో మొదలుపెట్టి, పూర్తికాకుండానే పోయాడు. 1762లో వేరేవాళ్ళు ముగించారు. నేను చెప్పదలచుకున్నది మధ్యలో ఉన్న సముద్రదేవుడి గురించి కాదు, పైన ఎడమవైపు ఉన్న పాలరాతి పలక గురించి. దానిమీద చెక్కింది ఏమిటనుకున్నారు? అగ్రిప్పా నీటి కాలువ ప్లాను చూసి ఆమోదిస్తున్న దృశ్యం! ప్రపంచంలో ప్రేమకీ, పెళ్ళి ఫొటోలకీ పేరుపడ్డ ఫౌంటెను నెత్తిన వాటర్ సప్లయ్ స్కీము అప్రూవల్ ఉంది. నేను 31 ఏళ్ళలో ఎన్ని ఫైళ్ళు పైకి పంపానో, ఒక్కటీ పాలరాతి దాకా పోలేదు. కుడివైపు పలక మీద ఒక పిల్ల దాహంతో ఉన్న సైనికులకి ఊట చూపిస్తుంటుంది. ఆ పిల్ల వల్లే ఆ కాలువకి అక్వా విర్గో, కన్య నీరు, అని పేరొచ్చిందని కథ.

క్రీ.పూ. 19లో తెచ్చిన నీళ్ళవి. 20 కిలోమీటర్ల పైచిలుకు పొడవు, దాదాపు అంతా భూమిలోపలే. మొదలు నుంచి చివరి దాకా వాలు మొత్తం 4 మీటర్ల చిల్లర. అంటే అయిదు వేలకి ఒకటి, అయిదు వేల మీటర్లు పోతే ఒక్క మీటరు దిగడం. లెవెలింగ్ పరికరం చేత్తో పట్టుకున్నవాళ్ళకి దాని కష్టం తెలుస్తుంది, కొంచెం వాలు తక్కువైతే నీళ్ళు నడవవు, ఎక్కువైతే కాలువ కోసుకుపోతుంది. మా ఆవిడకి గట్టు మీద కూర్చుని అయిదువేలకి ఒకటి అంటే ఏమిటో వివరిస్తుంటే, ఆవిడ వెనక్కి తిరిగి భుజం మీంచి నాణెం వేసేసింది. వేస్తే మళ్ళీ రోమ్‌కి వస్తారట. ఆ చిల్లరంతా ఏరి కారితాస్ అనే ధర్మసంస్థకి ఇస్తారు.

ఈ కాలువని దగ్గరగా చూడాలంటే మ్యూజియానికి వెళ్ళనక్కర్లేదు. ట్రెవీకి కాస్త దూరంలో వియా దెల్ త్రితోనేలో రినాషెంతే అని ఖరీదైన బట్టల కొట్టుంది. హ్యాండ్‌బ్యాగులు, సెంట్లు దాటుకుని బేస్‌మెంటుకి దిగితే అక్వా విర్గో తోరణాలు, 15, వరసగా, లైట్లు వేసి ఉంటాయి. ఊరికే చూడొచ్చు. కొట్టు కట్టేటప్పుడు బయటపడితే అలాగే ఉంచేశారు. పైన ఒక్కో బ్యాగు ధర చూసి మా ఆవిడ నిట్టూర్చింది, కింద నేను నిట్టూర్చాను, కారణాలు వేరు.

అక్కడి నుంచి స్పానిష్ మెట్లు. 2019 నుంచి ఆ మెట్ల మీద కూర్చోవడం నేరం. కూర్చోబోతే ఈల ఊదుతారు, జరిమానా కూడా. మోకాళ్ళ మనిషితో వెళ్ళినవాడికి ఇది నచ్చే రూలు కాదు. మెట్ల కింద ఉన్న బార్కాచ్చా ఫౌంటెను మాత్రం చాలాసేపు చూశాను. సగం మునిగిన పడవ ఆకారం, 1620ల చివర్లో పియెత్రో బెర్నీని చేసింది, నవోనా బెర్నీనికి తండ్రి. పడవ ఎందుకు మునిగినట్టు ఉంది? వరదలో ఒక పడవ అక్కడికి కొట్టుకొచ్చిందని కథ చెప్తారు. అసలు కారణం ప్రెషర్. అక్వా విర్గో నీళ్ళకి ఆ చోట హెడ్, అంటే నీళ్ళని పైకి తోసే ఎత్తు, చాలదు, పైకి చిమ్మవు. అందుకని ఫౌంటెన్‌ని రోడ్డు మట్టం కంటే కిందికి దించి, నీళ్ళు పడవ పక్కలనుంచి కారేలా చేశాడు. ప్రెషర్ లేదని ఫిర్యాదు వస్తే మేము మోటారు వేసేవాళ్ళం. ఆయన పడవ ముంచాడు.

వాటికన్‌కి ఒక రోజంతా పోయింది, రాయడానికి మాత్రం అంత లేదు. జూబిలీ జనం. సిస్టీన్ చాపెల్‌లో పావుగంట మెడ ఎత్తి నిలబడ్డాం. మైకెలాంజెలో ఆ కప్పు మీద బొమ్మలు వెయ్యడానికి 1508 నుంచి 1512 దాకా మెడ ఎత్తి ఉంచాడు, నేను ఫిర్యాదు చెయ్యకూడదు. మా ఆవిడకి అంతకంటే నచ్చింది మ్యాపుల గ్యాలరీ. 120 మీటర్ల పొడుగు వరండా, గోడలకి ఇటలీ ప్రాంతాల పటాలు 40. పటాల్లో ఉన్న నదులు వేలితో చూపిస్తూ నడిచింది. బయట చౌక్‌లో ఉన్న ఈజిప్టు స్తంభం గురించి మాత్రం ఒక కథ ఉంది. 1586లో దాన్ని నిలబెట్టేటప్పుడు 900 మంది మనుషులు, గుర్రాలు కలిసి తాళ్ళు లాగుతుంటే, ఎవరూ నోరెత్తకూడదని, ఎత్తితే తల తీస్తామని ఉత్తర్వు. మధ్యలో తాళ్ళు వేడెక్కి తెగబోతున్నాయి. గుంపులోంచి ఒక నావికుడు "తాళ్ళకి నీళ్ళు!" అని అరిచాడు. తడిపారు, స్తంభం నిలబడింది, వాడికి శిక్ష బదులు బహుమానం దక్కింది. నిజమో కాదో గాని, నీళ్ళు పొయ్యండని చెప్పి తల దక్కించుకున్న వాడి కథ నాకు నచ్చకుండా ఎలా ఉంటుంది?

అయిదోరోజు నాది. ఆ మాట ముందే ఒప్పందం. మెట్రో ఎక్కి ఊరి మధ్యకి కాకుండా వ్యతిరేక దిశలో జూలియో అగ్రికోలా స్టేషన్‌లో దిగి, అపార్ట్‌మెంట్ల మధ్యలోంచి పది నిమిషాలు నడిస్తే కాలువల పార్కు. టికెట్ లేదు, గేటు లేదు, టూరిస్టులూ లేరు. గడ్డి, గొడుగుల్లాంటి పైన్ చెట్లు, పరుగెత్తేవాళ్ళు, వాటన్నిటి వెనక ఆకాశానికి అడ్డంగా అక్వా క్లాడియా అనే కాలువని మోసే తోరణాలు. కాలిగులా చక్రవర్తి క్రీ.శ. 38లో మొదలెట్టాడు, క్లాడియస్ 52లో పూర్తిచేశాడు. కొన్నిచోట్ల 27 మీటర్ల ఎత్తు. ఒక తోరణం విరిగినచోట కాలువ అడ్డకోత కనపడుతుంది, ఒకదానిమీద ఒకటి రెండు కాలువలు. రెండు వేర్వేరు చోట్ల నీళ్ళు కలవకుండా రెండంతస్తుల్లో తెచ్చారు.

మా ఆవిడ చెట్టు కింద దుప్పటి పరుచుకుని కూర్చుంది. నేను తోరణాలు లెక్కపెడుతూ చివరిదాకా వెళ్ళొచ్చాను. క్రీ.శ. 97లో ఈ ఊరి నీటి కమిషనరుగా వచ్చిన ఫ్రాంటినస్ గురించి ఉద్యోగంలో ఉన్నప్పుడే చదివాను. ఆయన రాసిన నివేదిక ఇప్పటికీ దొరుకుతుంది. అప్పటికి తొమ్మిది కాలువలు. వాటిని చూసుకునే సిబ్బంది 700 మంది బానిసలు, 240 ప్రభుత్వానికి, 460 చక్రవర్తికి. వచ్చీ రాగానే ఆయన చేసిన పని, రికార్డులో ఉన్న లెక్కకీ కాలువ దగ్గర కొలతకీ తేడా పట్టుకోవడం. తేడా ఎక్కడికి పోయింది? అక్రమ కనెక్షన్లకి! రోడ్ల కింద దొంగ పైపులు వేసి, దారిలో ఉన్న కొట్లకీ ఇళ్ళకీ నీళ్ళు అమ్ముకునే సిబ్బంది. కనెక్షన్ దగ్గర ముద్ర వేసిన కంచు ముక్కు ఉండాలని రూలు, ముద్ర లేని పెద్ద సైజువి బిగించేవాళ్ళు. ఫెరూల్ అని మేం పిలిచేదానికి తాతముత్తాత అది. ఈ రూలు, ఈ దొంగతనం, ఈ నివేదిక, మూడూ నాకు కంఠతా వచ్చు. పనికిరాని పిరమిడ్లతో మా కాలువల్ని పోల్చి చూడండి అని కూడా ఆయన గర్వంగా రాసుకున్నాడు. రిటైరైన వాళ్ళం అందరం అలాగే మాట్లాడతాం.

క్రీ.శ. 537లో గోత్ అనే తెగవాళ్ళు ముట్టడించి ఈ కాలువలన్నీ తెగ్గొట్టారు. ఊరు చిక్కిపోయింది. మిగిలిన జనం నది ఒడ్డుకి చేరి నది నీళ్ళతోనే బతికారు. కొండల మీద ఇళ్ళు పాడుపడ్డాయి. విరిగిన తోరణం కింద నిలబడి ఇది చెప్పాను. దుప్పటి మడత పెడుతూ ఆవిడ, "ఎన్నాళ్ళకి బాగుచేశారు?" అని అడిగింది. అంతా బాగుచెయ్యలేదు, అందుకే ఇలా ఉన్నాయన్నాను. "మీరైతే ఆ రాత్రే వెళ్ళేవారు," అంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో నా ఉద్యోగం గురించి ఆవిడ అన్న మంచిమాట బహుశా ఇదొక్కటే. వెటకారమేమో అని ముఖం చూశాను. కాదు.

ఆరోరోజు సాన్ క్లెమెంతే చర్చి. కొలోసియం నుంచి నడకే. పైన 12వ శతాబ్దపు చర్చి. మెట్లు దిగితే 4వ శతాబ్దపు చర్చి. ఇంకా దిగితే 1వ శతాబ్దపు రోమన్ ఇళ్ళు, సందు, మిత్రా దేవుడి గుడి. కాలం కిందికి దిగుతున్నట్టుంటుంది, చలి పెరుగుతుంది, గోడలు చెమ్మగా తగులుతాయి. అన్నిటికంటే కింద ఉండగా చప్పుడు వినపడింది. ఇద్దరం ఆగాం. నీళ్ళు.

ఇటుక గోడలో చిన్న సందు. వంగి చూస్తే చీకట్లో నీళ్ళు జోరుగా పోతున్నాయి. చాలా పక్కనే ఉన్నాయి. 1857లో అక్కడి ఐరిష్ ఫాదర్లు తవ్వడం మొదలుపెడితే ఈ కిందిభాగం నీళ్ళలో ఉంది. 1912లో సొరంగం తవ్వి, ఆ ఊట నీటిని క్లొవాకా మాక్సిమాలోకి మళ్ళించాక గాని ఇక్కడ నేల ఆరలేదు. అంటే వంతెన మీద నేను చూసిన ఆ రాతి మూతి చూపుకి మాత్రమే కాదు, ఈ కాలువ ఇంకా పనిలో ఉంది. రెండున్నర వేల ఏళ్ళ సర్వీసు, రిటైర్మెంట్ లేదు. ఆవిడ గోడకి చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని విన్నది. లోపల ఫొటోలు తియ్యనివ్వరు, అందుకే కాబోలు అక్కడ అంతసేపు ఉన్నాం. ఎవరో గ్రూపు మెట్లు దిగుతున్న చప్పుడయ్యాక పైకొచ్చాం.

ఏడోరోజు పొద్దున్నే సర్దుకున్నాం. తాళంచెవి బల్లమీద పెట్టి తలుపు లాగేయాలని ఇంటివాళ్ళు చెప్పారు. లాగేశాను. లిఫ్టు దగ్గర గుర్తొచ్చింది. రాత్రి కట్టిన యాంగిల్ కాక్ విప్పానా లేదా? తలుపు లోపలినుంచి పడిపోయింది. తర్వాత వచ్చేవాళ్ళు కుళాయి తిప్పితే నీళ్ళు రావు, ఇంటివాళ్ళకి ఫోను, ప్లంబరు, ఖర్చు. తెర్మిని స్టేషను దాకా అదే ఆలోచన. 14 యూరోల లియొనార్దో ఎక్స్‌ప్రెస్ ఎక్కి కూర్చున్నా అదే. అరగంటలో ఎయిర్‌పోర్టు వచ్చేస్తుంది, ఇంటివాళ్ళకి మెసేజ్ పెట్టాలి, యాంగిల్ కాక్‌ని ఇటాలియన్‌లో ఏమంటారో ఫోన్లో వెతుకుతున్నాను.

"ఏంటి వెతుకుతున్నారు?"

చెప్పాను.

"నేను విప్పేశాను, పళ్ళు తోముకునేటప్పుడు."

"మరి కారుతుంటుంది కదా!"

"కారనీండి," అంది కిటికీలోంచి చూస్తూ.